పాకుడు బండికి కొత్త కార్బన్లు

1986, మార్చి నెల. అప్పటికి మేం మోటారు వైండింగ్ షాపు పెట్టి పదకొండేళ్లు. హనుమకొండ చౌరస్తా నుంచి లోపలికి పోయే ఒక సందులో ఒకే ఒక్క గది. బయట బోర్డు మీద మా ఆయన పేరు ఉండేది, లోపల తీగ చుట్టేది నేను. ఆయన హసన్‌పర్తి నుంచి మరిపెడ దాకా తిరిగి బావుల దగ్గర మోటార్లు ఊడదీసి తెచ్చేవాడు, మళ్లీ బిగించి వచ్చేవాడు. కాలిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టడం నా పని. కొత్తగా వచ్చిన రైతులు నన్నే చూస్తూ "మెకానిక్ ఏడి అమ్మా?" అనేవారు. "ఎదురుంగ నిలబడ్డది కనవడ్తలేదా?" అనేదాన్ని. నాలుగైదేళ్లకు ఆ ప్రశ్న ఆగిపోయింది.

నేను పద్మశాలీల ఇంట్లో పుట్టాను. చిన్నప్పటి నుంచి మగ్గం కోసం నూలు కండెలు చుట్టిన చేతులు, అందుకే తీగ చుట్లు లెక్క తప్పేవి కావు. మాట్లాడుతూ చుట్టినా తప్పేవి కావు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటారేమో, నిజమే, చెప్పుకుంటున్నాను. ఆ రోజుల్లో మా షాపుకు ఒక పద్ధతి ఉండేది. కార్బన్లు ఉన్న మోటారు ఏది వచ్చినా, పాత కార్బన్లతో బయటికి పోనిచ్చేదాన్ని కాదు. చుట్టాలకు చినిగిన విస్తరిలో పెడతామా? అట్లాగే అనుకునేదాన్ని.

కార్బన్ అంటే ఏమిటో చెప్పాలి. కొన్ని మోటార్లలో తిరిగే భాగానికే కరెంటు అందించాల్సి ఉంటుంది. ఆ భాగం చివర గుండ్రంగా రాగి పట్టీలు ఉంటాయి, దాన్ని కమ్యుటేటర్ అంటారు. రెండు చిన్న బొగ్గు ముక్కలు స్ప్రింగుల ఒత్తిడితో ఆ పట్టీలను ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. పుస్తకాల్లో వాటి పేరు బ్రష్. మా బజారులో కార్బన్ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది.

ఊరి చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉండేది. దాని పేరు ఎందుకులెండి. అక్కడి ల్యాబులో యాకూబ్ అనే అటెండర్ పదహారేళ్లుగా పనిచేస్తున్నాడు. తాళాలు తీయడం, బల్లలు తుడవడం, సార్లకు చాయ్ తేవడం అతని ఉద్యోగం. ల్యాబులో ఏది చెడిపోయినా బాగుచేసేది కూడా అతనే, కానీ దానికి కాగితం మీద పేరు లేదు. కాలేజీ మోటార్లు మా షాపుకు మోసుకొచ్చేది అతనే కాబట్టి నాకు బాగా తెలుసు. నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అక్కా అనేవాడు. నేను విప్పుతుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ప్రతి నట్టు గురించి అడిగేవాడు.

ఆ మార్చిలో ఒక రోజు యాకూబ్, ఎలక్ట్రికల్ విభాగం లెక్చరర్ మురళి సారు కలిసి వచ్చారు. సారుది కృష్ణా జిల్లా, నెమ్మదైన మనిషి. కాలేజీలో మూడు వారాల్లో ఎగ్జిబిషన్ ఉందట. రాళ్ల గుట్ట మీద బరువు మోస్తూ పాకుతూ ఎక్కే చిన్న ట్రక్కు ఒకటి అందులో పెట్టాలట. తీగ లేకుండా, చేతిలో డబ్బా పెట్టుకుని రేడియోతో నడపాలి. సారు దాన్ని క్రాలర్ అన్నారు, నేను పాకుడు బండి అన్నాను. రేడియో సెట్టు సారుది, బండి కట్టింది యాకూబ్. ఇనుప చట్రం, చెక్క చక్రాలకు బోల్టులతో బిగించిన లారీ టైరు ముక్కలు, మూడడుగుల పొడవు.

"మోటారు దగ్గర ఆగినం అక్కా," అన్నాడు యాకూబ్. సారు నీళ్లు తాగడానికి బయటికి వెళ్లినప్పుడు గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "ల్యాబుల మెకానిక్ పోస్టు ఖాళీ ఉన్నది. బండి నడిస్తే సారు నా పేరు రాస్తనన్నడు. వచ్చే యేడు నాకు వయసు దాటుతది అక్కా. గిది పోతే ఇగ జిందగీ మొత్తం చాయ్ గ్లాసులే."

"ఫికర్ చెయ్యకు తమ్మీ," అన్నాను. ఎంత తేలికగా అన్నానో ఆ మాట!

మురళి సారు బల్ల మీద రెండు మోటార్లు పెట్టారు. ఒకటి పాత జీపు వైపర్ మోటారు, కార్బన్లు ఉన్నది. రెండోది పారేసిన కంప్యూటర్ యంత్రంలోంచి తీసినది, అరచేతిలో పట్టేంత, తళతళలాడుతోంది. దాంతోపాటు సారు స్వయంగా చేసిన సర్క్యూట్ ఒకటి.

"ఇది బ్రష్‌లెస్ అండీ సరోజనమ్మ గారూ," అన్నారు. "కార్బన్లు ఉండవు. ఏ కాయిల్‌కి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో ఈ సర్క్యూటే చూసుకుంటుంది. అరుగుదల లేదు, కార్బన్ దగ్గర ఎగిరే మెరుపూ లేదు. మెరుపు లేకపోతే రేడియోకి ఇబ్బంది ఉండదు. నా ఓటు దీనికే."

కరెంటు ఇస్తే చప్పుడు లేకుండా తిరిగింది. నాకు ముచ్చటేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ నా కళ్లు బండి చక్రాల మీద ఉన్నాయి.

"సార్, బండి రాయెక్కేటప్పుడు చక్రం ఆగుతది గదా?"

"ఒక్క క్షణం ఆగొచ్చు."

"ఆ ఒక్క క్షణం సంగతే చూద్దాం."

పాత తువ్వాలు మడిచి ఇరుసును గట్టిగా పట్టుకున్నాను. మోటారు ఆగి అటూ ఇటూ వణికింది. వదిలాను, తడబడి తిరిగింది. రెండోసారి ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకున్నాను. సర్క్యూట్ మీద ఒక ట్రాన్సిస్టర్ దగ్గర సన్నగా పొగ లేచింది. తిరుగుతున్నంతసేపూ మూడు కాయిళ్లు వంతులవారీగా బరువు పంచుకుంటాయి. ఆగిపోతే ఏ కాయిల్ దగ్గర ఆగిందో దాని మీదే, దానికి కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్ల మీదే మొత్తం పడుతుంది.

సారు ముఖం చిన్నబోయింది. "దీనికి ఉపాయం ఉందండీ. ఇంకో రెండు నెలలు టైం ఉంటే నేనే చేస్తాను," అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. కానీ మాకున్నవి మూడు వారాలు.

తర్వాత వైపర్ మోటారు పట్టుకున్నాను. అది గుర్రుమంది, తువ్వాలును నా చేతిలోంచి లాగేసుకుంది. దానికి లోపలే గేరు పళ్లు ఉంటాయి, వేగం తక్కువ, పట్టు ఎక్కువ. "సార్, శానాసేపు ఆపితే గిది గూడ కాలుతది. కాని ముందు మూల్గుతది, వాసనొస్తది. చెప్పి కాలుతది," అన్నాను.

మురళి సారు మా షాపులో మేకుకు వేలాడుతున్న ట్రాన్సిస్టర్ రేడియో తీసి మోటారు పక్కన పెట్టారు. వార్తలు వస్తున్నాయి. మోటారు తిప్పగానే వార్తలు పోయి గరగర మిగిలింది. కార్బన్ దగ్గర పుట్టే మెరుపు చేసే నిర్వాకం అది. "బండిలో ఉన్న రేడియోకి కూడా ఇలాగే వినిపిస్తుంది. అప్పుడు బండి మన మాట వినదు," అన్నారు.

"ఆ గరగర ఆపే జిమ్మేదారి నాది," అన్నాను.

సారు యాకూబ్ వైపు తిరిగారు. "బండి నీది. నువ్వే చెప్పు."

యాకూబ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అక్క ఏది చెప్తె గదే సార్."

అలా ఆ మనిషి ఉద్యోగం నా చేతిలోకి వచ్చింది.

అలాంటిదే ఇంకో వైపర్ మోటారు తెప్పించాం, బండికి ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. రెండింటి ఆర్మేచర్లు, అంటే తిరిగే భాగాలు, విప్పి మళ్లీ చుట్టాను. ఉన్నదానికంటే సన్న తీగ తీసుకుని చుట్లు పెంచాను. చుట్లు పెరిగితే మోటారు నెమ్మదిస్తుంది, తక్కువ కరెంటుతోనే పట్టు వస్తుంది. వైపర్ మోటారు ఒకవైపే తిరుగుతుంది, బండికేమో ముందుకూ వెనక్కూ పోవాలి. అందుకని లోపల కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్ తీగలు విడిగా బయటికి తీశాను, వాటిలో కరెంటును తిరగేస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది. కార్బన్ల దగ్గర ఆ గరగరను మింగేసే చిన్న కండెన్సర్లు పెట్టి, తీగలు మెలిపెట్టి కట్టాను. మొదటి రోజు రేడియోలో గరగర సగం తగ్గింది. కాజీపేటలో యాకూబ్ ఇంటి వెనక రాళ్ల కుప్ప మీద రోజూ సాయంత్రం బండి నడిపేవాడు. నడిచిన కొద్దీ గరగర తగ్గుతూ వచ్చి, రెండు వారాలకు పక్కన పాట పెడితే పాటే వినిపించింది. నా కండెన్సర్ల గొప్పతనమే అనుకుని పొంగిపోయాను.

ఎగ్జిబిషన్‌కు ముందు రోజు నేనే కబురు పెట్టాను. "రేపు పెద్దోళ్లొస్తరు. మోటార్లు ఒకసారి పట్టుకరా తమ్మీ, తుడిచి సాఫ్ జేసి ఇస్త." యాకూబ్ తెచ్చాడు. విప్పి, దుమ్ము దులిపి, గ్రీజు మార్చి, చివరికి నా పద్ధతి ప్రకారం నాలుగు కార్బన్లూ తీసి పారేసి కొత్తవి వేశాను. పాతవి ఇంకా సగానికి పైగానే ఉన్నాయి. అయినా అంతమంది ముందుకు పోయే బండికి పాత కార్బన్లా? తిప్పి చూస్తే కాస్త మెరుపు కనిపించింది. కొత్త కార్బన్ అంటే మొదట్లో అట్లాగే ఉంటుంది, మిక్సీకైనా గ్రైండరుకైనా నాలుగు రోజులు తిరిగితే పోతుంది. ఆ ఆలోచనతోనే, చీకటి పడుతుంటే బిగించి ఇచ్చేశాను, యాకూబ్‌కు రాళ్ల మీద నడిపి చూసే వేళ మిగల్లేదు. రేడియో మేకుకే ఉంది, తీసి పక్కన పెట్టాలని తోచలేదు.

మర్నాడు మంచి చీర కట్టుకుని మా ఆయనతో కలిసి కాలేజీకి వెళ్లాను. నేను చుట్టిన మోటారు అందరి ముందు రాళ్ల గుట్ట ఎక్కుతుంటే చూడాలని! పది గంటలకు ముఖ్య అతిథి. ఎనిమిదిన్నరకు మైదానంలో పేర్చిన గ్రానైట్ రాళ్ల ముందు చివరి పరీక్ష. ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి నిలబడ్డారు. యాకూబ్ ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. డబ్బా మీద మీట ముందుకు నెట్టాడు.

బండి రెండడుగులు ముందుకు పోయి ఆగింది. గిర్రున ఎడమకు తిరిగింది. యాకూబ్ మీట వదిలేసినా ఆగకుండా పక్కకు పోయి కుర్చీల వరుసను గుద్దింది. లోపల మోటార్లకు కరెంటు కలిపే రిలేలు టకటక కొట్టుకుంటున్నాయి. మురళి సారు పరుగెత్తి బ్యాటరీ తీగ పీకేశారు.

"ఏమయ్యా, రాత్రికి రాత్రి ఏం కెలికావు? నిన్నటిదాకా నడిచిందన్నారు కదా!" అని ప్రిన్సిపాల్ గారు యాకూబ్ మీద విరుచుకుపడ్డారు.

"ఏం ముట్టుకోలే సార్," అన్నాడు యాకూబ్. ఒక్కసారి నా వైపు చూసి, వెంటనే తల దించుకున్నాడు. మోటార్లు నా దగ్గరికి వచ్చాయని అతనికి తెలుసు, చెప్పలేదు.

నాకు అప్పటికే అర్థమైంది. కొత్త కార్బన్ ముఖం చదునుగా ఉంటుంది, కమ్యుటేటర్ గుండ్రంగా ఉంటుంది. అంచు మాత్రమే తగులుతుంది, తగిలినచోట మెరుపు ఎగురుతుంది. మిక్సీకి ఆ మెరుపుతో పని లేదు కానీ రేడియోకు అది చెవిలో జోరీగ. రెండు వారాలు గరగర తగ్గుతూ వచ్చింది నా కండెన్సర్ల వల్ల మాత్రమే కాదు, పాత కార్బన్లు అరిగి అరిగి ఆ గుండ్రానికి అమరినందువల్ల. ఆ అమరికను తీసి నా చేతులతో నేనే చెత్తబుట్టలో వేశాను.

తెలిసి కూడా ఒక్క నిమిషం నోరు మెదపలేదు. పదకొండేళ్ల పేరు, మంచి చీర, ఇంతమంది. ఆ ఒక్క నిమిషానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

"సార్, అతనేం జెయ్యలే," అన్నాను ముందుకు వచ్చి. "నిన్న పొద్దూకి కార్బన్లు మార్చింది నేను. తప్పు నాది. గంట టైం ఇయ్యిండ్రి."

ప్రిన్సిపాల్ గారు నన్నూ, నా చీరనూ చూశారు. "గంటలో ఏం చేస్తావమ్మా?"

"రెండు వారాల పని," అన్నాను.

ఒక కుర్రలెక్చరర్ ఇనుము రుద్దే నల్లటి ఎమెరీ కాగితం తెచ్చి ఇచ్చాడు. అది వద్దన్నాను. దాని పొడి కరెంటును పోనిస్తుంది, రాగిలో గుచ్చుకుంటే మోటారు సంగతి అంతే. కావాల్సింది వడ్రంగులు చెక్క నున్నగా చేసే గ్లాస్ పేపర్. మాట పూర్తి కాకముందే యాకూబ్ వర్క్‌షాపులోని కార్పెంటరీ సెక్షన్ వైపు పరుగెత్తాడు. నేను కొంగు నడుముకు దోపి నేల మీద కూర్చున్నాను.

గ్లాస్ పేపర్‌ను సన్నగా చింపి, గరుకు వైపు పైకి ఉండేలా కమ్యుటేటర్ చుట్టూ చుట్టాను. దాని మీద కార్బన్లు నొక్కి ఉండగా, యాకూబ్ మోటారు పట్టుకుంటే నేను ఇరుసును చేత్తో మెల్లగా తిప్పుతూ పోయాను. తిప్పిన కొద్దీ బొగ్గు గుండ్రానికి అరుగుతుంది. తీసి చూడడం, మళ్లీ పెట్టడం, ఊది పొడి తీసేయడం. కార్బన్ ముఖం మొత్తం ఒకే తీరుగా మెరిసే దాకా వదల్లేదు. మొదటి మోటారుకే ముప్పావు గంట పట్టింది. రెండోదాని సగంలో పది దాటింది. ముఖ్య అతిథులు ఆలస్యంగా రావడం మన దగ్గర ఆనవాయితీ కదా, ఆ రోజు ఆ ఆనవాయితీకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"యాకూబ్ తమ్మీ, నా పేరు ఎందుకు చెప్పలేదు?" అని పని మధ్యలో మెల్లగా అడిగాను.

"నువ్వు చెప్తవని తెల్సు అక్కా," అన్నాడు, చేతిలోని మోటారు మీంచి చూపు తిప్పకుండా.

బండిని తలకిందులుగా పెట్టి చక్రాలు గాల్లో పావుగంట తిప్పాం. మురళి సారు వాచ్‌మన్ రేడియో తెచ్చి పక్కన పెట్టారు. కొంచెం గరగర, ఇంకొంచెం తక్కువ, తర్వాత ఏదో భక్తి పాట శుభ్రంగా వినిపించింది. సారు నా వైపు చూసి తల ఊపారు. గేటు దగ్గర అతిథి కారు ఆగింది.

బండి మీద నాలుగు ఇటుకలు పెట్టారు. యాకూబ్ మీట నెట్టాడు. మొదటి రాయి ఎక్కింది, రెండోది ఎక్కింది. మూడో రాయి నిటారుగా ఉంది. చక్రాలు ఆగిపోయాయి. మోటార్లు గుర్రుమన్నాయి. యాకూబ్ కంగారు పడలేదు. మీట కాస్త వెనక్కి తీసి, కుడి చక్రాలకు ముందు పట్టు ఇచ్చి, తర్వాత ఎడమవి కలిపాడు. లారీ టైరు ముక్క రాతి అంచును కరుచుకుంది. బండి ముక్కు పైకి లేచి, ఇటుకలు కదలకుండా పైకెక్కి, కొసన నిలబడింది. అంతమంది చప్పట్లు కొడుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవును, గర్వంతోనే.

అతిథి "ఎవరు చేశారు ఇది?" అని అడిగారు. ల్యాబులో పని అంటే చేసింది ఎవరైనా పేరు సార్లదే అవుతుంది. మురళి సారు మాత్రం "బండి యాకూబ్‌ది, మోటార్లు ఈ అమ్మవి. నేను ఎంచిన మోటారు వేరే, అది పెట్టి ఉంటే రాళ్ల కిందే ఉండేవాళ్లం," అన్నారు. అంత పెద్ద మనసు చాలా తక్కువమందిలో చూశాను.

అతిథి ముందుకు కదిలాక మురళి సారు ప్రిన్సిపాల్ గారి దగ్గర మెకానిక్ పోస్టు మాట ఎత్తారు. ప్రిన్సిపాల్ గారు గడ్డం గోక్కున్నారు. "మంచివాడేనయ్యా. కానీ ఐటీఐ చేసిన కొత్త కుర్రాళ్లు దరఖాస్తు పెట్టారు. కొత్తవాడిని తీసుకుంటే బాగుంటుందని నా ఉద్దేశం. ఇతను అటెండర్‌గా అరిగిపోయాడు కదా."

యాకూబ్ పక్కనే నిలబడి విన్నాడు. నేను ఆగలేకపోయాను. నా చేతులు ఇంకా బొగ్గుపొడితో నల్లగానే ఉన్నాయి, అట్లాగే ముందుకు చాపి చూపించాను.

"సార్, కొత్తది అయితే మంచిగుంటదని నిన్న నేను గూడ గట్లనే అనుకున్న. అమరి ఉన్నదాన్ని తీసి అవతల పారేసిన. పొద్దుగాల ఏమైందో మీరే చూసిండ్రు. నేను జేసిన తప్పు మీరు చెయ్యకుండ్రి."

మా ఆయన నా మోచెయ్యి పట్టి లాగాడు. ప్రిన్సిపాల్ గారు నా చేతులనూ, రాళ్ల మీది బండినీ చూశారు. చివరికి మురళి సారుతో "సరే, నువ్వు రాయి, చూద్దాం," అని వెళ్లిపోయారు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం యాకూబ్ షాపుకు వచ్చాడు. జేబులోంచి టైపు కొట్టిన కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది. నేను చదివింది ఏడో తరగతి, అయినా అతని పేరు, దాని పక్కన మెకానిక్ అన్న మాట కూడబలుక్కుని చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"ఇగ ఎవ్వరు నన్ను చాయ్ తెమ్మనరు అక్కా," అన్నాడు.

"నాకైతే తెస్తవు గద?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తెచ్చాడు కూడా, రెండు గ్లాసులు.

బ్రష్‌లెస్ మోటార్లు ఇప్పుడు ఇళ్లలో ఫ్యాన్లకు కూడా వచ్చేశాయి. మా షాపుకూ వస్తాయి, చుడతాను. మురళి సారు తప్పు చెప్పలేదు, కాలానికి కొంచెం ముందు చెప్పారు, అంతే. చేసే పనేమిటో చూసి మోటారును ఎంచుకోవాలని నాకు అంతకుముందే తెలుసు. కొత్తది వేయడమే పనితనం కాదని మాత్రం ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి మోటారు విప్పగానే ముందు పాత కార్బన్ల ముఖం చూస్తున్నాను. పొడవు ఉండి, నున్నగా అమరి ఉంటే వాటిని తియ్యను. "కొత్తవి ఎయ్యరాదు అమ్మా?" అని గిరాకీ ఎవరైనా అడిగితే, "ఇవి పని నేర్చుకున్నయి, ఉండనియ్యి," అంటాను.